ఏడో తలుపు వెనక అడవి

(పద్నాలుగో భాగం)

"మీ బావగారట మేడమ్, సుధీంద్ర అంటున్నారు. పైకి పంపమంటారా?" అని కింద రిసెప్షన్ నుంచి ఫోను వచ్చింది. శరణ్య చేతిలోని కత్తెర అట్టముక్క మధ్యలో ఆగిపోయింది. పోయినవారం మనం ఆమెను అక్కడే వదిలాం.

సుధీంద్ర అంటే శరణ్య అక్క రేవతి భర్త. గుర్‌గావ్‌లో పెద్ద ఉద్యోగం, మెత్తటి మాట, ఎవరిమీదా గొంతు పెంచని మనిషి. ఆరేళ్ళ భవ్యశ్రీని వెంటబెట్టుకుని రేవతి ఆ మనిషి ఇంట్లోంచి బయటపడి ఐదు నెలలైంది. ఈ మధ్యలో ఒకసారి అతను పాపను డాన్సు క్లాసు నుంచే తీసుకెళ్ళిపోయాడు. నలభై రోజులు ఎక్కడ ఉంచాడో కన్నతల్లికి చెప్పలేదు. కోర్టుకెక్కాకే పాప తిరిగొచ్చింది. సోమవారం ఢిల్లీ సాకేత్ కోర్టులో పాప ఎవరి దగ్గర ఉండాలో తేలాలి. "అప్పటిదాకా పిల్లని ఎవరి కంటా పడనివ్వకండి. ఈసారి తీసుకెళ్తే దేశం దాటిస్తాడు. ఆ తర్వాత మనం కాగితాలు పట్టుకుని తిరగాల్సిందే" అని వకీలు రాధాకృష్ణమూర్తి గట్టిగా చెప్పారు. అందుకే తల్లీకూతుళ్ళు కటవారియా సరాయ్‌లో, పోటీ పరీక్షలకు చదివే పిల్లలు అద్దెకుండే ఒక మేడమీద, మూడో అంతస్తు గదిలో తలదాచుకున్నారు. ఆ గది సంగతి శరణ్యకూ వకీలుకూ తప్ప ఎవరికీ తెలియదు. రాజమండ్రిలో ఉన్న తల్లి సరోజినికి కూడా చెప్పలేదు.

ఇవాళ శుక్రవారం. టైము పదకొండు దాటింది.

"పంపండి" అంది శరణ్య. రావద్దంటే అతను కిందే కూర్చుంటాడు. సాయంత్రం తను ఎటు వెళ్తుందో వెనకాలే వస్తాడు. దానికంటే ఎదురుగా కూర్చోబెట్టడమే నయం అనుకుంది. ఫోను సైలెంట్‌లో పెట్టి, బల్ల సొరుగులో బోర్లించి, సొరుగు మూసింది. రేవతి రోజుకి ఐదారుసార్లు ఫోన్ చేస్తుంది. ఆ పేరు అతని ముందు తెర మీద వెలగకూడదు.

సుధీంద్ర లోపలికొచ్చి, మాస్కు తీసి నాలుగు మడతలు వేసి జేబులో పెట్టుకున్నాడు. కిటికీ అవతల ఊరంతా పొగమంచులో బూడిదరంగుగా ఉంది. ఆ పొగకి వారంనుంచీ పిల్లల బళ్ళు మూసేశారు.

"బాగున్నావా శరణ్యా? కూర్చోమనవా?"

"కూర్చోండి బావగారూ. పనుంది, పది నిమిషాలే."

"పది చాలవేమో. కాఫీ దొరుకుతుందా ఇక్కడ?"

పక్క బల్ల దగ్గర ఎడిటర్ క్రాంతి తలెత్తింది. వరంగల్ పిల్ల, శరణ్యతో కలిసి మూడేళ్ళుగా పిల్లల పుస్తకాలు చేస్తోంది. విషయం సగమే తెలుసు కాని, శరణ్య ముఖం చూసి మిగతా సగం అర్థం చేసుకుంది. "మెషీన్ కాఫీ సార్. ఇంట్ల చేసినట్టు ఉండదు" అంది లేస్తూ.

"ఇంట్లో చేసే కాఫీ తాగి ఐదు నెలలైందండీ. ఏదైనా ఫర్వాలేదు."

క్రాంతి కాఫీకని వెళ్ళాక అతను భుజానికున్న సంచిలోంచి ఒక పుస్తకం తీసి బల్లమీద పెట్టాడు.

దాన్ని చూడగానే శరణ్య గుర్తుపట్టింది. దళసరి అట్టలతో, చేత్తో అతికించిన పుస్తకం. వెనక మూలన ఎర్ర పెన్నుతో ఐదు అని అంకె. ఆ చేతిరాత తనదే.

పేజీల్లో అతికించిన అట్ట తలుపుల్ని పిల్లలు తెరుస్తూ ఆడుకునే పుస్తకాన్ని అచ్చుకు పంపేముందు ఇలాంటి నమూనాలు చేసి కొన్ని ఇళ్ళకు ఇస్తారు. పిల్లలు ఏ తలుపు లాగి చింపుతున్నారో, ఎక్కడ విసుగొచ్చి వదిలేస్తున్నారో చూసి మార్పులు చేస్తారు. ఈసారి ఎనిమిది ఇచ్చారు. ఏడే తిరిగొచ్చాయి.

"ఇందిరాపురంలో మా కొలీగ్ కొడుకు దీన్ని వదలడం లేదట. మొన్న భోజనానికి పిలిస్తే వెళ్ళి చూశాను. చాలా బాగుంది శరణ్యా. నిజంగానే అంటున్నాను. మా నాయనమ్మ చెప్పేది ఈ కథ. మాంత్రికుడి ప్రాణం ఎక్కడో ఏడు తలుపుల వెనక చిలుకలో ఉంటుంది. రాకుమారుడు వెళ్ళి దాని మెడ విరుస్తాడు."

"ఇందులో విరవరు."

"చూశాను. ఒక చిన్నపిల్ల వెళ్ళి పంజరం తలుపు తీస్తుంది." అతను మొదటి పేజీ తెరిచి ఆ పిల్ల బొమ్మ మీద వేలు పెట్టాడు. "పై పళ్ళు రెండు లేవు. ఎడమ కనుబొమ మీద గాటు. పార్కులో ఉయ్యాల తగిలి మూడు కుట్లు పడ్డాయి. ఆస్పత్రికి ఎత్తుకుని పరిగెత్తింది నేనే. నా కూతుర్ని నేను గుర్తుపట్టలేననుకున్నావా?"

ఆస్పత్రి మాటలో అబద్ధం లేదు. ఆ రోజు అతని చొక్కా నిండా నెత్తురు.

"పిల్ల బొమ్మ వేయాలంటే నాకు బాగా తెలిసిన పిల్ల అదొక్కతే" అంది శరణ్య.

"నేననేదీ అదే. నువ్వు తెలిసిందే వేస్తావు, చూసిందే వేస్తావు. మా పెళ్ళి శుభలేఖ మీద మా ఇంటి గేటు తుప్పుతో సహా గీశావు. మా అమ్మ ఇప్పటికీ నిన్ను తిడుతుంది తెలుసా?"

నిజమే, చూడనిది శరణ్య గీయదు. కాలేజీలో మాస్టారు నేర్పిన పద్ధతి అది. పన్నెండేళ్ళుగా అన్నం పెడుతున్న పద్ధతి. గుహ గీయాలన్నా ముందు ఒక నిజం సందులోకి వెళ్ళి నిలబడాలి. ఈ పుస్తకానికి ఆమె నిలబడ్డ సందు ఏదో అతనికి చెప్పనక్కర్లేదు. రోజూ సాయంత్రం మూడో అంతస్తు గదికి వెళ్ళేది. పాప భయపడేది, బయట ఏ చప్పుడైనా నాన్న వచ్చాడనేది. ఆ భయం పోగొట్టడానికి శరణ్య ఆ వీధినే కథగా మార్చింది. మేడలమీద నల్లటి నీళ్ళ ట్యాంకులు నిద్రపోతున్న రాక్షసులు. నెత్తిమీద చిక్కుపడ్డ కరెంటు తీగలు మాంత్రికుడి పొదలు. మెట్లమీద విప్పిన జోళ్ళు మరుగుజ్జుల పడవలు. పాప నవ్వేది. నవ్వుతుంటే శరణ్య గీసేది. అచ్చుకి గడువు దగ్గరపడుతోంది, బొమ్మలు బాగా వస్తున్నాయి. పిల్లకోసం అల్లిన దారి పుస్తకంలోకి వచ్చేస్తోందని ఆమెకు ఒక్కసారైనా తట్టలేదు.

క్రాంతి కాఫీ తెచ్చి అతని ముందు పెట్టింది. తన బల్ల దగ్గరికి వెళ్ళకుండా శరణ్య కుర్చీ వెనకే నిలబడింది.

"థాంక్యూ మేడమ్. మీరు కూడా చూడండి, మీ పుస్తకమే కదా." సుధీంద్ర మొదటి తలుపు తెరిచాడు. "గుహ ముఖం. కాని పైన వంపు చూడండి. ఇది ఏదో పాత ఊరి తోరణం. చుట్టూ సిటీ వచ్చేసినా ఊరి పేరు మాత్రం మిగిలిపోయిన చోటు. ఢిల్లీలో అలాంటివి వందుంటాయి, అవునా?"

"ఊహించి వేశాను."

"నువ్వా?" నవ్వాడు. రెండో తలుపు తెరిచాడు. "తీగలు. చివర మీటరు పెట్టె వేయడం ఎందుకమ్మా? మాంత్రికుడు కరెంటు బిల్లు కడతాడా?"

మూడో తలుపు అతను తీరిగ్గా తెరిచాడు. నోరు తెరుచుకున్న మొసలి, దాని చుట్టూ గుట్టలుగా కాగితాలు. స్పైరల్ బైండింగ్ మిషనును చూసి వేసిన మొసలి అది. దాన్ని చూసినప్పుడల్లా పాప వేళ్ళు దాచుకునేది.

"దీంతో చాలా ముక్కలు దొరికాయి నాకు. సందంతా ఫోటోస్టాట్ షాపులు. అంటే చదువుకునే పిల్లలుండే చోటు. ఒంటరి ఆడదాన్ని, చిన్నపిల్లని అక్కడ ఎవరూ వెతకరు. మంచి ఆలోచన. రేవతిది కాదులే, నీదే అయ్యుంటుంది."

"అక్క ఎక్కడుందో నాకు తెలియదు బావగారూ. వకీలుకే తెలుసు."

"సరే, తెలియదు." అతను వాచీ చూసుకుని పేజీ తిప్పాడు. "ఇందులో నాకు నచ్చింది ఇంకోటుంది. ప్రతి పేజీలో దారి పిల్లలే ఎంచుకోవాలి, ఎడమకా కుడికా అని. తప్పు తిరిగితే మొసలి మింగుతుంది, మళ్ళీ మొదటికి. సరిగ్గా తిరిగితే తర్వాతి తలుపు. ఆ పిల్లవాడికి దారి కంఠతా వచ్చేసింది. కుడి, ఎడమ, ఎడమ, మళ్ళీ కుడి, మూడు మెట్ల వరసలు పైకి."

క్రాంతి చెయ్యి శరణ్య భుజంమీద పడింది.

"సార్, ఇది మా ఆఫీసు కాపీ. టెస్టింగ్‌కి ఇచ్చినం, వాపసు ఇయ్యాలె. మీరు ఇక్కడ కూసొని మా ఆర్టిస్టును ఇట్ల అడుగుడు బాగలేదు" అంది క్రాంతి.

"ఇచ్చేస్తాను మేడమ్. అందుకే వచ్చాను." కోపం లేదు, తొందర లేదు. కాఫీ ఒక గుక్క తాగి, బాగోలేదన్నట్టు ముఖం పెట్టి, ఇంకో గుక్క తాగాడు. ఆరో తలుపు దాకా తెరుచుకుంటూ వచ్చి, ఏడో తలుపు మీద వేలితో రెండుసార్లు తట్టాడు. "ఇది రావడం లేదు. అతుక్కుపోయింది."

శరణ్యకు గుర్తొచ్చింది. ఐదో నమూనాలో ఏడో తలుపు కింద జిగురు ఎక్కువైంది. పంపేరోజు చూసింది, సరిచేసే టైము లేక అలాగే పంపేసింది. ఆ తలుపు వెనక చిలుక ఉంది. చిలుక వెనక కిటికీ, కిటికీ అవతల అడవి. ఢిల్లీలో చదువుకునే పిల్లలుండే పేటలు నాలుగైదు ఉంటాయి కాని, కిటికీ తీస్తే సంజయ్ వన్ అడవి చెట్లు కనిపించే పేట ఒక్కటే. మిగతా ఆరు తలుపులూ ఎక్కడివైనా కావచ్చు. ఈ ఒక్కటీ తెరవకపోతే అక్కకు సోమవారం దాకా గడువు ఉన్నట్టే.

"జిగురు అతుక్కుంది. లాగితే చిరుగుతుంది" అంది మామూలుగా.

"వద్దులే, కష్టపడి చేశావు." పుస్తకం మూసి దానిమీద రెండు చేతులూ పెట్టుకున్నాడు. "నిన్ను ఏడిపించడానికి రాలేదు శరణ్యా. నా కూతుర్ని చూడాలి, అంతే. నేను పేటల పేర్లు చెప్తాను. నువ్వు మాట్లాడక్కర్లేదు, అబద్ధం కూడా ఆడక్కర్లేదు. నా ముఖం చూడు చాలు. రాజిందర్ నగర్."

శరణ్య అతని ముఖంలోకే చూసింది.

"లక్ష్మీనగర్."

అప్పుడు తట్టింది ఆమెకు. ఇతను కనిపెట్టలేకే వచ్చాడు. తన ముఖం చదవడానికి వచ్చాడు. అయితే చదువుకోనీ. ఏం చదవాలో తనే రాసిపెడుతుంది.

"బేర్ సరాయ్." ఒక క్షణం ఆగాడు. "కటవారియా సరాయ్."

కుర్చీ కింద ఆమె కాలి గోళ్ళు చెప్పులోకి దిగబడ్డాయి. ముఖం కదలలేదు.

"ముఖర్జీ నగర్."

శరణ్య చేతిలోని పెన్సిలు జారి నేలమీద దొర్లింది. ఆమె గబుక్కున వంగి తీసింది. తీసేటప్పుడు క్రాంతి వైపు ఒక్క చూపు చూసి, వెంటనే కళ్ళు దించుకుంది. ఇంతకంటే బాగా ఏ నటీ చేయలేదనుకుంది మనసులో.

సుధీంద్ర తల పంకించాడు. "ఉత్తరాన ఎక్కడో ఉందన్నమాట. ఇక్కడినుంచి గంటన్నర ప్రయాణం. పాపం, రోజూ ఎలా వెళ్తున్నావు?"

"నేను ఎక్కడికీ వెళ్ళడం లేదు."

"ఠీక్ హై." అతని జేబులో ఫోను ఒక్కసారి గుర్రుమంది. తీసి చూశాడు, మళ్ళీ పెట్టేసుకున్నాడు. మడతలు విప్పి మాస్కు తగిలించుకుని, పుస్తకం బల్లమీదే వదిలి లేచాడు. "కాఫీ బాగోలేదు కాని మీరు మాత్రం నాకు నలభై ఐదు నిమిషాలు ఇచ్చారు. థాంక్యూ శరణ్యా. థాంక్యూ మేడమ్."

లిఫ్టు తలుపులు మూసుకున్న చప్పుడయ్యేదాకా ఇద్దరూ కదల్లేదు. తర్వాత శరణ్య కుర్చీలో వెనక్కి వాలిపోయి, రెండు చేతులతో ముఖం మూసుకుని నవ్వింది.

"పోయిండు. ముఖర్జీ నగర్‌ల గల్లీ గల్లీ తిరుగుతడు ఇగ. ఏం యాక్టింగే నీది, నేను గూడ నమ్మిన" అంది క్రాంతి.

"సోమవారం దాకా తిరిగితే చాలు. ముందు ఈ పుస్తకం ఆపాలి క్రాంతీ. అన్ని తలుపులూ మళ్ళీ గీస్తాను. ఘాజియాబాద్ ప్రెస్సుకి ఫోన్ చేసి వారం గడువు అడుగు."

"అడుగుత. అసలు ఆ ఏడోది గట్టిగనే అతికిందా? సూడు ఒకసారి."

శరణ్య పుస్తకం దగ్గరికి లాక్కుని ఏడో తలుపు అంచు కింద గోరు పెట్టింది. బలం పెట్టాల్సిన అవసరం రాలేదు. తలుపు మెత్తగా, మడత కూడా నలగకుండా తెరుచుకుంది. చిలుక, కిటికీ, అడవి.

ఆమె పుస్తకాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. అంచు పొడవునా తను వేసిన జిగురు గట్టిపడి ఉంది. దాన్ని సన్నటి బ్లేడుతో, చాలా ఓపిగ్గా, అట్ట చిరక్కుండా కోశారు. మూలన ఒక్కచోట కొత్త జిగురు చుక్క పెట్టి మళ్ళీ మూశారు. అది ఇంకా పూర్తిగా ఆరనేలేదు, గోటికి తడిగా తగిలింది.

"ఇయ్యాలనే అతికించిండు" అంది క్రాంతి నెమ్మదిగా.

అంటే ఇక్కడికి రాకముందే అతను అడవిని చూశాడు. చూసినవాడికి ముఖర్జీ నగర్‌తో పనేముంది? కటవారియా సరాయ్ అన్నప్పుడు ఆగిందీ, ఒక్కో తలుపూ తీరిగ్గా తెరిచిందీ, ఆ పాడు కాఫీని గుక్క గుక్కగా తాగిందీ, వాచీ చూసుకుందీ దేనికి? తను ముఖం కాపాడుకుంటూ కూర్చుంది. అతను తనను ఇక్కడినుంచి కదలనివ్వకుండా కాపలా కాస్తూ కూర్చున్నాడు.

శరణ్య సొరుగు లాగింది. బోర్లించిన ఫోను తిప్పింది. రేవతి దగ్గర్నుంచి పదిహేడు ఫోన్లు వచ్చి ఉన్నాయి. మొదటిది పదకొండూ ఇరవై ఐదుకి.

ఆమె నొక్కేలోపే మళ్ళీ ఫోను వెలిగింది.

"ఎక్కడ చచ్చావే?" రేవతి రొప్పుతోంది, చుట్టూ హారన్లు. "అమ్మ వచ్చిందే."

"అమ్మా? ఏ అమ్మ?"

"మన అమ్మ శరణ్యా. తలుపు కొట్టి, నేనేనమ్మా అంది. అమ్మ గొంతు వింటే తియ్యకుండా ఎలా ఉంటాను? ఒక్కతే వచ్చింది. నువ్వే అడ్రసు ఇచ్చావనుకున్నాను. పాపకి కింద చాక్లెట్టు కొనిస్తానని తీసుకెళ్ళింది. నేను స్టౌ మీద పాలు పెట్టి ఇటు తిరిగేసరికి బయటనుంచి గడియ పడింది. అరిచాను, అరిచాను. పక్కగది అమ్మాయి చెవుల్లో ఏదో పెట్టుకుని చదువుకుంటోంది. ఆ పిల్ల తీసేసరికి పావుగంట. కింద ఎవరూ లేరే. అమ్మకి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు."

"నువ్వు వకీలుగారికి చెప్పి నేరుగా పోలీస్ స్టేషన్‌కి వెళ్ళు. నేను అమ్మకి చేస్తాను. పెట్టెయ్."

సరోజిని నంబరు నొక్కింది. ఒకసారి మోగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కింది. క్రాంతి అప్పటికే తన ఫోనులో కింద కాపలా మనిషితో హిందీలో మాట్లాడుతోంది, ఆ సార్ ఏ కారెక్కాడో చూశావా భయ్యా అని. మూడోసారికి సరోజిని ఎత్తింది.

"చెప్పమ్మా." గొంతు నిమ్మళంగా ఉంది. వెనకాల కారు చప్పుడు.

"అమ్మా, ఎక్కడున్నావు?"

"కోప్పడకు ముందు. నీకు చెబితే రానిచ్చేదానివా? అల్లుడుగారే టిక్కెట్టు పంపించారు. రాత్రి దిగాను. కాళ్ళకి దణ్ణం పెట్టి, తప్పంతా నాదేనత్తయ్యా, మీరు ఒక్కసారి కూర్చోబెట్టి మాట్లాడండి అని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. మగవాడు అంత మాట అన్నాక ఇంకేం కావాలే? ఎవరి పంతం వాళ్ళు పడితే మధ్యలో పిల్ల నలిగిపోవడం లేదూ?"

"పాప నీ దగ్గరే ఉందా?"

"నా ఒళ్ళోనే ఉంది. ఇదిగో."

"పిన్నీ," అంది భవ్యశ్రీ ఉత్సాహంగా, "హమ్ మందిర్ జా రహే హైఁ. మమ్మా పీఛే వాలీ కార్ మే హై."

గుడికని, రేవతి వెనక కారులో ఉందని పాపను నమ్మించారని శరణ్యకు అర్థమైంది. "అమ్మమ్మకి ఫోను ఇవ్వు బంగారూ. అమ్మా, అక్క వెనక కారులో లేదు. గదిలో పెట్టి గడియ వేశారు."

"ఎవరు వేశారు? రేవతమ్మ బట్టలు మార్చుకుని వెనకాల వస్తారని డ్రైవరు చెప్పాడే. మేం ముందు బయల్దేరాం. గుళ్ళో అందరం కూర్చుంటామన్నారు అల్లుడుగారు. దగ్గరేనట, పది నిమిషాలట."

"బయల్దేరి ఎంతసేపైంది?"

"అరగంట దాటినట్టుంది. ఈ పొగలో ఏమీ కనపడ్డం లేదు. ఇందాక ఒక పెద్ద వంతెన దాటాం. కింద ఏదో నది, నల్లగా, నురగలు నురగలుగా."

పది నిమిషాల దూరంలో ఏ గుడికెళ్ళినా దారిలో నది తగలదు. యమున దాటారంటే కారు తూర్పుకి పోతోంది. అటు వెళ్తే ఘాజియాబాద్, అది దాటితే హైవే, అది దాటితే ఎక్కడికైనా.

"అమ్మా, నేను చెప్పేది జాగ్రత్తగా విను. కంగారు పడకు, మొహంలో ఏమీ కనపడనివ్వకు. పాపకి వాంతి వస్తోందని చెప్పు. జనం ఉన్నచోట ఆపమను. దిగాక మళ్ళీ ఎక్కొద్దు."

కారు వేగం తగ్గుతున్న చప్పుడు, తర్వాత ఎవరో మగమనిషి, మర్యాదగానే, హిందీలో ఏదో అన్నాడు.

"శరణ్యా," అంది సరోజిని. ఆ గొంతులో నిమ్మళం పోయింది. "డ్రైవరు నా ఫోను అడుగుతున్నాడమ్మా. ఇవ్వనా?"